అమ్మకి సామాను కాపలా వద్దు

చెల్లాయ్, అమ్మా నాన్నగారూ వచ్చాక పిల్లల సెలవుల్లో ఓర్లాండో వెళ్దామంటున్నావు, అన్ని పార్కుల్లో దేనికి వెళ్ళాలో తేలడం లేదంటున్నావు. నన్నడిగితే డిస్నీవాళ్ళ యానిమల్ కింగ్‌డమ్‌కి వెళ్ళండి. ఒక్కరోజే ఉన్నా సరే, అక్కడికే. ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త తీరిగ్గా విను.

ఇలాంటి పార్కులకి వచ్చే మనవాళ్ళని చూస్తూనే ఉంటాను. అల్లుడూ పెద్దపిల్లాడూ రోలర్ కోస్టర్ క్యూలో ఉంటారు. కూతురు చంటిదాన్ని ఎత్తుకుని బాత్రూమ్ ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటుంది. పెద్దావిడ మాత్రం బెంచీ మీద. చీర మీద స్వెటర్, కాళ్ళకి కూతురు కొనిపెట్టిన బూట్లు, చుట్టూ అందరి బ్యాగులూ, నీళ్ళ సీసాలూ, స్ట్రోలరూ. "మీరు వెళ్ళిరండమ్మా, నేను సామాను చూస్తుంటాను" అని ఆవిడే అంటుంది. మనమూ సరేనంటాం. సాయంత్రం దాకా ఆవిడ చూసేది ఆ సామానే. అంతదూరం నుంచి వచ్చి, నెలల తరబడి మన పిల్లల్ని చూసుకుని, మనం ఆఫీసు నుంచి వచ్చేసరికి వేడివేడిగా వండిపెట్టిన మనిషికి, బయటికి తీసుకెళ్ళిన ఒక్కరోజు కూడా కాపలాయేనా? ఆ బెంచీ దాటి వెళ్ళినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే నువ్వు ఏ ప్లాను వేసినా, సామాను దగ్గర ఎవరూ కూర్చోకుండా వెయ్యి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఈ పార్కులో అది కుదురుతుంది. 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు తెరిచారు దీన్ని. దాదాపు 580 ఎకరాలు. డిస్నీ పార్కుల్లో ఇంత పెద్దది మరొకటి లేదు. ఏ రైడూ ఎక్కని మనిషికి కూడా రోజంతా చూసేంత ఉంది. లోపలికి అడుగుపెట్టాక ఎదురుగా 145 అడుగుల 'ట్రీ ఆఫ్ లైఫ్' కనిపిస్తుంది. మానుమీద, వేళ్ళమీద 300 పైచిలుకు జంతువుల్ని చెక్కారు. దూరంనుంచి మామూలు బెరడులా ఉంటుంది, దగ్గరికెళ్తే ఇక్కడో గద్ద, అక్కడో ఏనుగు బయటపడతాయి. పిల్లలకీ అమ్మమ్మకీ కలిపి పందెం పెట్టు, ఎవరు ఎక్కువ కనిపెడతారో. మోకాళ్ళ నొప్పులకీ ఈ ఆటకీ సంబంధం లేదు.

పొద్దున్నే సఫారీకి వెళ్ళిపోండి. 'కిలిమంజారో సఫారీస్' అంటారు. 110 ఎకరాల మైదానంలో, పక్కలు తెరిచి ఉన్న పెద్ద ట్రక్కులో దాదాపు ఇరవై నిమిషాలు తిప్పుతారు. ఏనుగులు, జిరాఫీలు, ఖడ్గమృగాలు, నీటిగుర్రాలు, సింహాలు. కంచెలు కంటికి కనపడవు. కందకాలూ బండరాళ్ళూ తెలివిగా అమర్చి జంతువుల్ని వేటి చోట వాటిని ఉంచుతారు. అందుకే సింహం ఒక్క దూకు దూకితే మన ఒళ్ళోనే పడుతుందేమో అనిపిస్తుంది. జిరాఫీ దారికి అడ్డంగా నిలబడిందంటే అది కదిలేదాకా ట్రక్కు ఆగాల్సిందే. ఎండెక్కితే అవీ మనలాగే నీడ వెతుక్కుంటాయి కనక పొద్దుటిపూట చూసినదానికీ మధ్యాహ్నం చూసినదానికీ చాలా తేడా ఉంటుంది. ఒక మాట, ఆ మట్టిదారి కావాలనే గతుకులుగా ఉంచారు. అమ్మకి నడుంనొప్పి కదా, ఎక్కించేవాళ్ళతో చెప్పి ముందు వరస అడుగు. వెనక వరసలో కుదుపు ఎక్కువ.

సఫారీ దిగిన పక్కనే గొరిల్లాల దారి ఉంది, 'గొరిల్లా ఫాల్స్'. మన ఇష్టమొచ్చినట్టు నడుచుకుంటూ పోవచ్చు, ఆగిపోవచ్చు. గాజు అవతల నీళ్ళలో నీటిగుర్రం అంత భారీ ఒళ్ళు వేసుకుని ఎంత తేలిగ్గా తేలుతుందో చూస్తే పెద్దవాళ్ళు కూడా కదలరు. గొరిల్లా కుటుంబం దగ్గర మాత్రం అమ్మని తొందరపెట్టకు. మగ గొరిల్లా ఠీవిగా కూర్చునుంటుంది, పిల్లలు తల్లి చుట్టూ తిరుగుతుంటాయి. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి అక్కడ చూసేది మనం చూసేదానికంటే ఎక్కువే. అరగంట పట్టినా పట్టనీ.

అవతల ఆసియా భాగంలో ఆనందపూర్ అని ఒక ఊరు కట్టారు. అసలు లేని ఊరే, కానీ రంగు వెలిసిన గోడలూ, జెండాలూ, పాడుబడ్డ రాజుగారి కోటా చూస్తే నాన్నగారికి మన దేశంలో ఎక్కడో తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆ కోట శిథిలాల మధ్యే పులులుంటాయి. 'మహారాజా జంగిల్ ట్రెక్' అంటే అదే. పెద్ద పెద్ద గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ రెక్కలు విప్పుకుంటుంటే చూడొచ్చు. చిన్నదానికి భయమేస్తే అటు వెళ్ళకుండా పక్కదారి కూడా ఉంది.

ఇప్పుడు రైడ్ల సంగతి. మీ పెద్దాడికి 'ఎవరెస్ట్' మీద కన్నుందని తెలుసు. అవతార్ సినిమావాళ్ళ 'ఫ్లైట్ ఆఫ్ పాసేజ్' మీద మరిదిగారికి ఉంటుంది. రెండింటికీ 44 అంగుళాల ఎత్తుండాలి. 'కాలీ రివర్ రాపిడ్స్'కి 38 చాలు, కానీ నిలువునా తడుస్తారు, కనక చలిరోజుల్లో దాని మాటెత్తకు. పిల్లాణ్ణి బయల్దేరేముందు ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలువు. క్యూలో అంతసేపు నిలబడ్డాక అక్కడి కొలకర్ర దగ్గర వెనక్కి పంపితే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరం కాదు. ఇక అసలు సంగతి, 'రైడర్ స్విచ్' అని ఒక పద్ధతి ఉంది. చంటిపిల్ల ఉన్నవాళ్ళు ఎక్కేముందే అక్కడి సిబ్బందికి చెప్పాలి. మొదట మరిదిగారు వెళ్ళొస్తారు, అంతసేపూ నువ్వు పాపతో ఉంటావు. ఆయన రాగానే మామూలు క్యూలో మళ్ళీ మొదట్నుంచీ నిలబడకుండా నువ్వు వెళ్ళొచ్చు. పాపని అమ్మకి అప్పజెప్పాల్సిన పనే లేదు. వాళ్ళు పెద్దరైడ్ల క్యూలో ఉన్నప్పుడు నువ్వూ పాపా అమ్మా నాన్నగారూ గొరిల్లాల దగ్గరో పులుల దగ్గరో ఉండండి. అందరూ కలిసి ఎక్కాలనుంటే 'నావీ రివర్ జర్నీ' ఉంది, చీకట్లో మెరిసే అడవిగుండా మెల్లగా సాగే పడవ. ఎత్తు నియమం లేదు.

మధ్యాహ్నం ఎండ ముదిరే వేళకి 'ఫెస్టివల్ ఆఫ్ ద లయన్ కింగ్' ప్రదర్శన పెట్టుకో. చల్లటి హాలు, దాదాపు అరగంట పాటలూ, విన్యాసాలూ. ప్రేక్షకుల్ని నాలుగు గుంపులు చేసి సింహం, ఏనుగు, జిరాఫీ, అడవిపంది అని పేర్లు పెట్టి అరిపిస్తారు. ఇంగ్లీషు అర్థం కాకపోయినా సింహంలా గర్జించడానికి భాష అక్కర్లేదు. నాన్నగారి చేత కూడా గర్జింపించు.

వీల్‌చెయిర్ విషయంలో ఆయనతో గొడవ తప్పదు. "నాకేం కాళ్ళు లేవా" అంటారు. వాదించకు. గేటు దగ్గరే అద్దెకిస్తారు, ఒకటి తీసుకుని అందులో బ్యాగులు పెట్టి తోసుకెళ్ళండి. ఆ దూరాలు కొన్ని నడిచాక, ఎవరూ చూడ్డం లేదనుకున్నప్పుడు, తనే కూర్చుంటారు. అప్పుడు నవ్వకండి, పిల్లలకీ ముందే చెప్పు.

తిండి మనది తీసుకెళ్ళొచ్చు, ఆపరు. గాజు సీసాలు మాత్రం రానివ్వరు, కనక ఆవకాయ చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చు. విడి ఐసుముక్కలు కూడా వద్దంటారు, పెరుగన్నానికి ఫ్రీజర్‌లో గడ్డకట్టే జెల్ ప్యాక్ పెట్టుకో. భోజనాలమ్మే కౌంటర్లలో చల్లటి మంచినీళ్ళు గ్లాసుతో ఊరికే ఇస్తారు, అడిగితే చాలు. నాన్నగారి షుగర్ మాత్రల వేళకి భోజనం ఉండాలి, ఏ రైడు క్యూ ఉన్నా ఆ వేళ జరపకు. పులిహోర ఒక్కటి చాలు చెల్లాయ్. నువ్వు రాత్రి పన్నెండు దాకా నాలుగు రకాలు చేసి, పొద్దున కళ్ళు మండుతూ వస్తే ఆ రోజు నీది కూడా కాకుండా పోతుంది. నీకూ చెప్తున్నాను, అమ్మకే కాదు.

వేసవి సెలవులైతే మధ్యాహ్నాలు ఉరుములూ మెరుపులూ వచ్చి బయటి రైడ్లు ఆపేస్తుంటారు. కుదిరితే చలికాలం చూడు. టికెట్టు ధర తారీఖుని బట్టి మారుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్టు లేదు, మూడు నుంచి తొమ్మిదేళ్ళ దాకా కాస్త తక్కువ, పది నిండితే పెద్దవాళ్ళ ధరే. డైనోసార్ల భాగం తీసేసి అక్కడ కొత్తది కడుతున్నారు, ఆ బొమ్మల మీద ఆశపెట్టుకున్న పిల్లలుంటే ముందే చెప్పెయ్. ఇంకో మాట, ధర ఎంతో అమ్మకి చెప్పకు. రూపాయల్లోకి మార్చుకుంటుంది, ఆ లెక్క బుర్రలో తిరుగుతుంటే జిరాఫీ కనపడదు.

టికెట్లు కొనేముందు ఫోన్‌లో అక్కడి జంతువుల ఫొటోలు చూపించి, నీకేది చూడాలనుందని అమ్మని అడుగు. నాన్నగారిని విడిగా అడుగు. ఇద్దర్నీ కలిపి అడిగితే "పిల్లలకేది ఇష్టమైతే అదే" అంటారు. విడివిడిగా అయితే చెప్తారు. చెప్పినదాన్ని రోజు మొదట్లోనే పెట్టు.