రెండు సంగీతముల నడుమ వారధి

సంగీతమున శాస్త్రీయమనియు, జనసామాన్యమనియు రెండు తెగలు గలవని మనమెల్లరము ఎఱుగుదుము. మొదటిది గౌరవింపదగినదనియు, రెండవది కాలక్షేపమునకు మాత్రమే తగినదనియు పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవఱకు సరియైనదో తెలిసికొనుటకై బ్రెజిలు దేశపు సంగీతకర్తయగు రాదమేస్ న్యాతాలి చరిత్రమును పరిశీలింతము.

రాదమేస్ 1906వ సంవత్సరము జనవరి 27వ తేదీన దక్షిణ బ్రెజిలునందలి పోర్టో అలెగ్రే పట్టణమున జన్మించెను. తండ్రి ఇటలీనుండి వలసవచ్చిన సంగీతజ్ఞుడు. తల్లి పియానో విద్వాంసురాలు. ఆమెయే ఇతని మొదటి గురువు. వెర్డీ రచించిన "ఐదా" యను సంగీతనాటకమందలి వీరుని పేరు ఇతనికిని, నాయిక పేరు ఇతని సోదరికిని పెట్టిరనిన, ఆ యింట సంగీతమునకు గల స్థానము తెలియగలదు. 1924లో ఇతడు స్వర్ణపతకముతో సంగీతవిద్య ముగించెను. గొప్ప సభలలో పియానో కచేరీలు చేయవలెనని ఇతని కోరిక.

ఆ కోరిక తీఱలేదు. జీవనము గడుపుటకై చలనచిత్రశాలలలోను, నృత్యశాలలలోను వాయింపవలసివచ్చెను. అప్పటి రాజధానియగు రియో ద జనైరోలో 1936లో "రేడియో నాసియొనాల్" నెలకొల్పబడగా అందు చేరి, ఇంచుమించు ముప్పది సంవత్సరములు పనిచేసెను. ఒకరు కట్టిన పాటకు ఏ వాద్యము ఎప్పుడు ఏ స్వరము పలుకవలెనో నిర్ణయించి వ్రాసి యిచ్చుటయే అచ్చట ఇతని ముఖ్యమైన పని.

స్వర్ణపతకము పొందిన శిష్యుడు ఇట్టి కొలువున చేరెనని వినినచో, ఉపాధ్యాయులమగు మేమును "అయ్యో, చదువు వ్యర్థమయ్యెను" అని విచారింతుము. కాని జరిగినది వేఱు. సాంబా పాటలలో తాళపు నడక అంతవఱకు ముఖ్యముగ డోలువాద్యములదే. రాదమేస్, డోలు వాయించు తన మిత్రుడు లూసియానో పెర్రోనే సూచన ననుసరించి, ఆ నడకను బాకాలవంటి లోహవాద్యములచే పలికించెను. 1939లో ఆరి బరోసో పాటయగు "అక్వరేల దొ బ్రజీల్" కు ఇతడు చేసిన కూర్పు దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. సాంబాను అమెరికావారి సంగీతముగ మార్చుచున్నాడని కొందఱు నిందింపకపోలేదు. ఇతడు కొలువును మానలేదు. కచేరీలకు దగిన శాస్త్రీయరచనలను మానలేదు.

1956లో ఇతడు "రెత్రాతోస్", అనగా "చిత్తరువులు", అను రచన చేసెను. అందు నాలుగు భాగములు. ఒక్కొక్కటి ఒక్కొక్క జనప్రియ సంగీతకర్తకు అంకితము: పిషింగిన్య, చలనచిత్రశాలలో పియానో వాయించిన ఎర్నెస్టో నజరెత్, అగ్నిమాపకదళపు వాద్యబృందమును నడపిన అనక్లేటో దె మెదేయిరోస్, బ్రెజిలులో వాద్యబృందమునకు నాయకత్వము వహించిన మొదటి స్త్రీయగు షికిన్య గొన్జాగ. శాస్త్రీయసభలకు చెందిన తంత్రీవాద్యబృందమును, రియో వీధులలో పుట్టిన "షోరో" సంగీతపు గిటారులును ఇందు కలసి మ్రోగును.

ఇందలి ముఖ్యవాద్యము మాండలిన్. దానిని వాయించినవాడు జాకోబ్ దొ బందొలిం. ఇతడు న్యాయస్థానమున ఉద్యోగి. మాండలినును స్వయముగా నేర్చినవాడు. రియోనగరమెల్ల కార్నివాల్ ఉత్సవములో మునిగియుండగా, ఇతడు ఇల్లు కదలక ఆ రచనలోని ప్రతి సూక్ష్మమును సాధనచేసెను. 1964లో రాదమేస్ బృందమును నడపగా ఆ సంగీతము ముద్రింపబడెను.

ఇందు మనము గమనింపవలసినది ఒకటి కలదు. చదివినవాడు వీధిపాటకు నమస్కరించెను. వీధిపాట వాయించువాడు చదువునకు నమస్కరించెను. ఒకరు తక్కువయని రెండవవారు తలంచియున్నచో ఆ రచన పుట్టియుండదు, పలికియుండదు. రాదమేస్ 1988లో మరణించెను. తాను కోరిన వేదిక దొరకకపోయినను, దొరకిన చోట తన తలాంతును పాతిపెట్టలేదు. విద్యార్థులారా! మీరు కోరిన కొలువు మీకు లభింపవచ్చును, లభింపకపోవచ్చును. నేర్చిన విద్యను ఏ పనియందైనను తక్కువచేయక వినియోగింపుడు. అప్పుడది వ్యర్థము గానేరదు.