సముద్రంలోని పరికరానికి ఈమెయిల్



హాస్టల్‌లో ఉన్న పాపకు సోమవారం మెసేజ్ పెడతారు. ఆదివారం ఫోన్ చేతికిచ్చాకే తను చూస్తుంది. శాటిలైట్ పరికరానికి ఈమెయిల్‌లో ఆదేశం పంపడమూ దాదాపు ఇంతే. ఫిజిక్స్ పుస్తకంలో లేకపోయినా, ఇది పిల్లలతో మాట్లాడదగ్గ విషయం.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ హిందూ మహాసముద్రంలోని ఆర్గో ఫ్లోట్ల సమాచారం సేకరిస్తుంది. పొడవాటి గొట్టంలా ఉండే ఈ ఫ్లోట్ 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ ఉంటుంది. సుమారు 10 రోజులకోసారి 2000 మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తుంది. సముద్రం లేని గుంతకల్లులో మనకెందుకంటారా? రుతుపవనాలను అంచనా వేసే కంప్యూటర్ నమూనాలకు ఈ కొలతలు కావాలి. వేరుశనగ విత్తే ముందు ఆకాశం వైపు చూసే ఊరు కదా మనది!

పాత ఫ్లోట్లు చెప్పేవే కానీ వినేవి కావు. ఇరిడియం శాటిలైట్లు వాడేవి వింటాయి కూడా. వాటిలో కొన్నింటికి ఈమెయిల్ చాలు. సబ్జెక్ట్ గడిలో ఆ పరికరం 15 అంకెల ఐఎంఈఐ నంబరు రాయాలి. ఆదేశాన్ని చిన్న ఫైల్‌గా జత చేయాలి. కింద "క్షేమమా" అని ఎంత రాసినా దాన్నెవరూ చదవరు. ఆ ఫైల్ భూమ్మీది గేట్‌వేలో వరుసలో ఉంటుంది. నీళ్ల కింద ఉన్న ఫ్లోట్‌కు సిగ్నల్ అందదు, అది పైకి వచ్చి "నాకేమైనా ఉందా?" అని అడిగినప్పుడే ఆదేశం చేరుతుంది.

అందుకే ఒక్క సున్నా కూడా ముఖ్యమే. 10 రోజులకు బదులు 100 అని పంపారనుకోండి. ఫ్లోట్ పైకి రాకముందే గమనిస్తే సవరణ పంపొచ్చు. అది ఆదేశం తీసుకుని మునిగిపోయిందంటే, మళ్లీ తేలేదాకా ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంట్లో ఒక లెక్క చేయించండి. ఈ పద్ధతిలో వాడే ఒక సాధారణ మోడెమ్ ఒక్కసారికి 270 బైట్లే అందుకుంటుంది. యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నాకూ తలా 3 బైట్లు. 'గుంతకల్లు'లో ఇవి ఎన్ని? తొమ్మిది, అంటే 27 బైట్లు. మన ఊరి పేరు ఖాళీల్లేకుండా పదిసార్లు రాస్తే మెసేజ్ నిండిపోతుంది!

ఒక్క మాట. సైన్స్ ప్రాజెక్ట్ కోసమని విదేశీ సైట్లలో శాటిలైట్ ఫోన్, మోడెమ్ లాంటివి ఆర్డర్ చేయకండి. మన దేశంలో అనుమతి లేకుండా అవి దగ్గర ఉంచుకుంటే కేసు అవుతుంది. కాగితం, పెన్సిల్ చాలు.