వాల్డెన్ గట్టున ఒక గది

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మసాచుసెట్స్ రాష్ట్రమున కాంకర్డ్ అను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణమునకు కొంత దూరమున, పైను చెట్ల అడవి నడుమ, వాల్డెన్ అను లోతైన సరస్సు ఉన్నది. 1845వ సంవత్సరము మార్చి నెల చివర ఇరువదియేడేండ్ల యువకుడొకడు అరువు తెచ్చుకొన్న గొడ్డలిని భుజమున పెట్టుకొని ఆ సరస్సు గట్టునకు వచ్చి, నిటారుగా పెరిగిన పైను చెట్లను నరకుటకు ప్రారంభించెను. అతడు తనకొక గది కట్టుకొనదలచెను. ఆ గదిలో తాను పండుకొనుటకు, కూర్చుండుటకు, వ్రాసికొనుటకు కావలసిన సామానును కూడ సాధ్యమైనంతవరకు తానే సమకూర్చుకొనదలచెను.

అతని పేరు హెన్రీ డేవిడ్ థోరో. తండ్రి పెన్సిళ్లు చేయించి అమ్ముచుండెడివాడు. హెన్రీ హార్వర్డు కళాశాలలో చదివి 1837లో పట్టము పుచ్చుకొనెను. కొంతకాలము పిల్లలకు చదువు చెప్పెను. కొంతకాలము తండ్రి కార్ఖానాలో పనిచేసి పెన్సిళ్ల నాణ్యమును పెంచెను. కాని అతని మనస్సు గ్రంథరచనయందు లగ్నమై యుండెను. గ్రంథరచనకు తీరిక కావలెను. తీరికకు అడ్డు వచ్చునది ఇంటి ఖర్చు. ఆ ప్రాంతమున సామాన్యమైన ఇంటికి సుమారు 800 డాలర్లు అగునని, అంత సొమ్ము కూడబెట్టుటకు కూలివానికి పది పదునైదేండ్లు పట్టునని అతడు లెక్కవేసెను. ఇల్లు అమరుసరికి సగము జీవితము గడచిపోవును. ఏ వస్తువు వెలయైనను డబ్బులో గాక, దానికై ధారపోయవలసిన బ్రదుకు దినములలో లెక్కింపవలెనని అతనికి తోచెను.

స్థలము అతనిది కాదు. ఆ గట్టు ఎమర్సన్ అను ప్రసిద్ధ రచయితది. ఎమర్సన్ అతనికి మిత్రుడు గనుక అక్కడ కట్టుకొనుటకు అనుమతించెను. థోరో దూలములను ఆరేసి అంగుళముల చదరముగా చెక్కెను. ఒక దూలపు కొనను సన్నముగా చెక్కి, రెండవ దూలములో తొలిచిన రంధ్రమున దానిని బిగించి, అతుకులు కుదిర్చెను. ఒకనాడు గొడ్డలి పిడి ఊడివచ్చెను. అతడు పచ్చి హికరీ కొమ్మతో చీల చెక్కి, రాతితో దిగగొట్టి, కొయ్య ఉబ్బి బిగియుటకై గొడ్డలిని సరస్సు నీటిలో నానవేసెను. పని ముగిసిన తరువాత ఆ గొడ్డలిని తెచ్చినప్పటికంటె పదునుగా నుంచి యజమానికి తిరిగి ఇచ్చెను.

గోడలకు పలకలు కావలసివచ్చెను. క్రొత్త పలకలు కొనుట భారము. ఆ సమీపమున రైలుమార్గపు పనిలో నుండిన జేమ్స్ కాలిన్స్ అను ఐర్లండు దేశీయుడు తన గుడిసెను అమ్మజూపెను. థోరో చూడబోవునప్పటికి లోపల చీకటి, చెమ్మ. నేల చాలవరకు మట్టినేల. కాని ఆ గుడిసెలో బంగారు పూత చట్రముగల అద్దమొకటి, కాఫీగింజలు విసరు క్రొత్త మర ఒకటి ఉండెను. బేరము 4 డాలర్ల 25 సెంట్లకు కుదిరెను. మరునాటి యుదయము ఆరు గంటలకు కాలిన్స్ కుటుంబము దారిలో ఎదురయ్యెను. పరుపు, కాఫీమర, అద్దము, కోళ్లు, వారి సర్వస్వమును ఒక్క పెద్ద మూటలో ఇమిడియుండెను. పిల్లి మాత్రము అడవిపాలయ్యెను. ఒకని గది లేచుటకు మరియొకని గుడిసె విప్పవలసివచ్చెను. ఆ కుటుంబము పిమ్మట ఎక్కడ తల దాచుకొనెనో థోరో గ్రంథమున లేదు.

అతడు ఆ యుదయముననే గుడిసెను విప్పి, మేకులు ఊడదీసి, పలకలను చిన్న బండిలో కొన్ని కొన్నిగా సరస్సు గట్టునకు చేర్చి, వంకరలు తీరుటకు గడ్డిమీద ఎండలో పరచెను. అతడు బండితో పోయివచ్చులోపల పొరుగువాడొకడు ఇంకను పనికివచ్చు మేకులను ఏరి తన జేబులో వేసికొనుచుండెనట! పాతసామానుతో పనిచేయువారు మేకులమీద కన్ను వేసి ఉంచవలెనని దీనివలన తెలియుచున్నది.

మే నెల మొదట స్నేహితులు కొందరు వచ్చి చట్రమును నిలువనెత్తుటకు చేయి వేసిరి. 1845 జూలై 4వ తేదీన, కప్పు వేసి గోడలకు పలకలు కొట్టిన వెంటనే, థోరో అందులో ప్రవేశించెను. చలికాలము రాకముందు పొగగూడు కట్టెను. దానికి వేయి పాత ఇటుకలు కొనెను; వాటికి అంటియున్న గట్టి సున్నమును తాపీతో గీకి తీయవలసివచ్చెను. పిమ్మట గోడలకు లోపల సన్నని బద్దలు కొట్టి గార పూసెను. ఒక్క దెబ్బతో మేకును తలవరకు దింపగలిగినందుకు అతడు ఎంతయో సంతసించెను. ఈ సందర్భముననే అతనికొక పాత కథ జ్ఞప్తికి వచ్చెను. మంచి దుస్తులు ధరించి ఊరిలో తిరుగుచు పనివారికి సలహాలిచ్చు డాంబికుడొకడు, ఒకనాడు తానే తాపీ పట్టి, గార ఎత్తి, ధీమాగా పైకి విసరెను. ఆ గార యావత్తు వచ్చి అతని చొక్కా రొమ్ముపై పడెను!

సిద్ధమైన గది పదియడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవు. ఇరుప్రక్కల రెండు పెద్ద కిటికీలు. ఒక కొనను తలుపు, రెండవ కొనను పొయ్యి. పడకగది, వంటగది, చదువుగది, అతిథులగది అన్నియు అదియే. థోరో ఖర్చును అర సెంటు సహితము విడువక వ్రాసి ఉంచెను. పలకలకు 8 డాలర్ల 3½ సెంట్లు; కప్పునకు, గోడలకు పరచు నాసిరకపు పలుచని చెక్కలకు 4 డాలర్లు; గాజుతో కూడ రెండు పాత కిటికీలకు 2 డాలర్ల 43 సెంట్లు; ఇటుకలకు 4 డాలర్లు; మేకులకు 3 డాలర్ల 90 సెంట్లు; గడియకు 10 సెంట్లు; సుద్దకు 1 సెంటు. బండి కూలికి 1 డాలరు 40 సెంట్లే, ఏలయన చాలవరకు తన వీపుననే మోసికొనెను. సున్నము కొంచెము ప్రియమైనదనియు, గారలో కలుపు వెండ్రుకలు అవసరమునకు మించి కొంటిననియు అతడు తన తప్పులను కూడ దాచలేదు. మొత్తము 28 డాలర్ల 12½ సెంట్లు. హార్వర్డులో ఇంచుమించు ఇంతటి గదికి విద్యార్థి ఒక్క సంవత్సరమునకు చెల్లించు అద్దె 30 డాలర్లు!

ఈ లెక్కలో అతని కాయకష్టము చేరలేదు. కొయ్య, రాయి, ఇసుక ఆ స్థలముననే ఊరక దొరకినవి, స్థలము మిత్రునిది. ఇట్టి మిత్రుడు లేనివారికి ఇంత చౌకగా పని జరుగదు. ఇది మనసున ఉంచుకొని ఆ లెక్క చదువుట న్యాయము.

ఇక సామాను సంగతి. ఒక మంచము, ఒక భోజనపు బల్ల, ఒక వ్రాతబల్ల, మూడు కుర్చీలు, మూడంగుళముల అద్దము, దీపము, కొలదిపాటి వంటసామాను. పళ్లెములు మూడు, గిన్నె ఒకటి, చెంచా ఒకటి. వీనిలో కొన్నిటిని థోరో స్వయముగా చేసికొనెను. అతని మంచము మన పేము కుర్చీల అల్లికను తలపించును. చైనాలో చేసిన పేము సోఫా చట్రమొకటి దొరకగా, అతడు దానికి కాళ్లు అమర్చి మంచముగా మార్చుకొనెను. పడకకు కావలసినది నేలకు కొంత ఎత్తున, గాలి ఆడునట్టి, బరువునకు క్రుంగి మరల సర్దుకొను అల్లిక. మన పల్లెలలోని నులకమంచము ఈ సూత్రముమీదనే నిలిచియున్నది.

కుర్చీలకు కొరత లేదనియు, తనకు నచ్చునట్టివి ఊరివారి అటకలమీద ఎన్నియో పడియున్నవనియు, మోసికొనిపోవువానికి ఊరకనే ఇత్తురనియు అతడు వ్రాసెను. అటకల ప్రసక్తిలో అతడు చెప్పిన వేలము కథ వినోదకరమైనది. చర్చి పెద్ద ఒకడు మరణింపగా, అర్ధశతాబ్దము అటకలో పేరుకొనిన అతని పనికిమాలిన సామానును వేలము వేసిరి. తగులబెట్టవలసిన ఆ చెత్తను పొరుగువారు పోటీపడి పాడుకొని, భద్రముగా తీసికొనిపోయి, తమ తమ అటకలమీద దాచుకొనిరి. వారు పోయిన తరువాత అది మరల వేలమునకు రావలసినదే.

అలంకరణ విషయమున థోరో మరింత పట్టుదల గలవాడు. కిటికీలకు తెరలు కట్టలేదు. లోనికి తొంగిచూచువారు సూర్యచంద్రులు తప్ప ఎవరును లేరు, వారు చూచినను తనకు అభ్యంతరము లేదు. ఎండ మరీ తీక్ష్ణమైనప్పుడు చెట్లే తెరలు. ఒక గృహిణి కాళ్లు తుడుచుకొను పట్టా నొకటి ఇవ్వజూపగా, దులుపుటకు తీరిక లేదని వలదనెను; గుమ్మము ముందటి పచ్చికమీదనే కాళ్లు తుడుచుకొనెను. ఒకప్పుడు బల్లమీద మూడు సున్నపురాతి ముక్కలను అందమునకై ఉంచెను. వాటి దుమ్మును ప్రతిదినము తుడువవలెనని తెలిసికొని భయపడెను. మనస్సులోని సామాను దుమ్మే ఇంకను దులుపలేదు గదా యని వాటిని కిటికీలోనుండి బయటికి విసరివేసెను. మూడు రాళ్లకు ఇంత ఆర్భాటము ఎందులకని ఎవరికైనను నవ్వు వచ్చును. కాని ఉచితముగా వచ్చిన వస్తువు కూడ దినదినము వెల పుచ్చుకొనుచునే యుండునని కనిపెట్టుట సామాన్యము కాదు.

గదిని శుభ్రపరచు దినము అతనికి పండుగవంటిది. తెల్లవారుజామున లేచి, మంచముతోడ సామాను నంతటిని గడ్డిమీదికి చేర్చును. నేలమీద నీరు కుమ్మరించి, సరస్సులోని తెల్లని ఇసుక చల్లి, చీపురుతో తెల్లబడువరకు తోమును. ఊరివారు ఉదయపు భోజనము ముగించుసరికి నేల ఆరిపోవును. అంతవరకు అతని మూడు కాళ్ల బల్ల, పుస్తకములతోను, సిరాతోను, కలముతోను, చెట్ల నడుమ నిలిచియుండును. ప్రక్క కొమ్మమీద పక్షి వ్రాలియుండును. తీగలు బల్లకాళ్లకు చుట్టుకొనునట్లుండును. సామాను బయటికి వచ్చినందుకు సంతోషించుచున్నట్లు, తిరిగి లోనికి పోవుటకు ఇష్టపడనట్లు అతనికి తోచెడిది.

థోరో అడవిలో తపస్వివలె ఒంటరిగా బ్రదికెనని కొందరు తలతురు. అది సరికాదు. అతడు తరచుగా ఊరికి పోయెడివాడు, కుటుంబమువారిని చూచెడివాడు. అతిథులు వచ్చిన మూడు కుర్చీలు వేసెడివాడు. ఇంకను వచ్చిన నిలుచుండెడివారు. ఒకప్పుడు ఇరువదియైదు ముప్పదిమంది ఆ గదిలో చేరిరట. ఇక్కడ నుండగనే, 1846 జూలైలో, పన్ను చెల్లింపలేదని అతనిని ఒక రాత్రి చెరలో ఉంచిరి. ఆ అనుభవమునుండి పుట్టిన వ్యాసమును గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో నుండగా చదివెను. ఆ గది తలుపునకు తాళము లేదు. తాళమున్నది వ్రాతప్రతులుంచు ఆకుపచ్చ రంగు వ్రాతబల్లకు మాత్రమే.

రెండేండ్ల రెండు నెలల రెండు దినములు అక్కడ గడపి, 1847 సెప్టెంబరు 6వ తేదీన థోరో ఆ గదిని విడిచెను. అతని ‘వాల్డెన్’ గ్రంథము 1854లో వెలువడెను. గదిని ఇతరులు కొని తరలించిరి. తుదకు దానిని విప్పి చెక్కలను వేరు పనులకు వాడిరి. 1945లో త్రవ్వి చూడగా పొగగూటి పునాదిరాళ్లు బయటపడి, గది నిలిచిన చోటు నిర్ధారణమయ్యెను. అదే కొలతలతో కట్టిన నమూనా గది ఇప్పుడు సరస్సు సమీపమున ఉన్నది. పేము మంచము, ఆకుపచ్చని వ్రాతబల్ల, ఒక కుర్చీ కాంకర్డ్ వస్తుప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నవి. వాటి దుమ్మును ఇప్పుడు వేరొకరు తుడుచుచున్నారు.