విడిపోయిన గృహము, విద్యార్థి చదువు

ప్రోగ్రెసు రిపోర్టు ఇంటికి చేరినపుడు తల్లిదండ్రులు మొట్టమొదట చూచునవి మార్కులు. ఆ మార్కుల వెనుక ఇంటిలో జరుగుచున్న సంగతులును కొంత వ్రాయబడియున్నవని తలంచువారు కొలదిమందియే. తల్లియు తండ్రియు కలహించి వేఱైనపుడు పిల్లల మనస్సునకును చదువునకును ఏమి సంభవించునో, ఇంటివారును బడివారును ఏమి చేయవలయునో ఈ పాఠమున విచారింతము. ఎవ్వరినైనను నిందించుట మా యుద్దేశము కాదు.

1. మన పరిసరములు

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918వ సంవత్సరమున స్థాపింపబడెను. దాని ఆర్ట్సు కళాశాల భవనము 1939లో తెఱవబడెను. ఆ యావరణము చుట్టును, తార్నాకలోను క్రమక్రమముగా అనేక సంస్థలు వెలసినవి. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరునుండి ఇచ్చటికి వచ్చెను. సమీపముననే రసాయన పరిశోధనాలయమును, లాలాగూడ రైల్వే కర్మాగారమును కలవు. వీనిలో పనిచేయు ఉద్యోగులు, ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు పలువురు ఇతర జిల్లాలనుండి వచ్చి క్వార్టర్సులలోను అద్దె ఇండ్లలోను కాపురముండువారు.

సొంత ఊరిలోనైనచో, భార్యాభర్తల నడుమ మాట పట్టింపు వచ్చినపుడు అమ్మమ్మయో పెదనాన్నయో నడుమకు వచ్చి సర్దిచెప్పుట కలదు. ఆ పూట పిల్లలు పిన్నమ్మ ఇంట అన్నము తిని అచ్చటనే నిద్రింతురు. రెండు గదుల వాటాలో నున్న పిల్లవానికి అట్టి చాటు లేదు. ప్రతి మాటయు వాని చెవిని పడును. అయినను పూర్వపు ఉమ్మడి కుటుంబములలో అంతయు సుఖమేయని మేము చెప్పము. ఎందఱో స్త్రీలు పుట్టింటికి పోలేక, అత్తింట నిలువలేక, నోరు మూసికొని బాధ సహించిరి.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున విడాకులు పొందినవారు సుమారు 13 లక్షల 60 వేలమంది. విడాకులు లేకయే వేఱుగా జీవించువారు అంతకు రెండు రెట్లకు మించి యుండిరి. ఈ రెండవ తరగతివారి పిల్లల సంగతి బడి రికార్డులకు ఎక్కదు. ఫారములో తండ్రి పేరు ఉండును, ఇంటిలో తండ్రి యుండడు.

2. పరిశోధకులు కనుగొన్న సంగతులు

అమెరికాలో జూడిత్ వాలర్‌స్టీన్ అను మనస్తత్వశాస్త్రజ్ఞురాలు 1971లో విడిపోయిన 60 కుటుంబములలోని 131 మంది పిల్లలను పరిశీలింప నారంభించెను. మిక్కిలి చిన్నవారు, తాము అల్లరి చేయుటవలననే నాన్న వెళ్లిపోయెనని తమ్మును తామే నిందించుకొనిరి. ఆఱేడేండ్లవారు వెళ్లినవారికొఱకు బెంగపెట్టుకొనిరి. తొమ్మిది మొదలు పండ్రెండేండ్లవారు కోపము వహించి ఒకరి పక్షము చేరిరి.

అయితే ఇంతమాత్రమున పిల్లల భవిష్యత్తు నశించునని తలంపరాదు. 1991లో పాల్ అమాటో, బ్రూస్ కీత్ అను వారు 92 పరిశోధనలను కలిపి చూచి, విడిపోయిన ఇండ్ల పిల్లలు చదువునందును నడవడియందును సగటున వెనుకబడియున్నను, ఆ తేడా పెద్దది కాదని కనుగొనిరి. మేవిస్ హెదరింగ్టన్ అను పరిశోధకురాలు అనేక సంవత్సరముల పరిశీలనానంతరము 2002లో ప్రకటించిన గ్రంథమున, అట్టి పిల్లలలో నూటికి సుమారు 25 మందికి తీవ్రమైన చిక్కులు కలుగుననియు, ఇతర కుటుంబములలో నూటికి 10 మందికి కలుగుననియు చెప్పెను. అనగా ముప్పు రెండింతలకు మించినది, కాని నలుగురిలో ముగ్గురు నిలదొక్కుకొందురు.

వీరి పరిశోధనలనుండి మనము ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. పిల్లలను ఎక్కువగా బాధించునది వేఱుపాటుకంటెను ఎడతెగని కలహము. ఒకే కప్పు క్రింద నిత్యము పోట్లాడుకొను తల్లిదండ్రుల పిల్లలు, వేఱైయు శాంతముగా నడుచుకొనువారి పిల్లలకంటె అధికముగా కష్టపడుదురు. కావున "పిల్లలకొఱకే కలిసియున్నాము" అనుట చాలదు. ఎట్లు కలిసియున్నామని అడుగుకొనవలయును.

3. చదువు ఏ మార్గమున చెడును?

మొదటిది నిద్ర. రాత్రి కేకలు విని మేలుకొనిన పిల్లవాడు ఉదయపు మొదటి పీరియడులో పాఠము వినలేడు. రెండవది ధ్యానము. "సాయంత్రము ఇంటికి పోవునప్పటికి అమ్మ యుండునో లేదో" యను భయము మనస్సులో నుండగా, లెక్కలో హెచ్చవేయవలసిన అంకె నిలువదు. మూడవది వస్తువులు. శనివారము ఒక ఇంట, సోమవారము మఱియొక ఇంట ఉండువానికి నోటుపుస్తకము ఎప్పుడును రెండవ ఇంటనే యుండును. నాలుగవది ఆదాయము. ఒక్క జీతముపై రెండు సంసారములు నడువవలసినపుడు ఫీజు ఆలస్యమగును. ఐదవది ఇంటిపని. తల్లి ఉద్యోగమునకు పోగా పెద్దకూతురు అన్నము వండి, తమ్ముని బడికి తయారుచేసి, తాను ఉపవాసముతో వచ్చును.

ఆఱవది, మిక్కిలి హానికరమైనది, నడుమ సంవత్సరములో బడి మారుట. తల్లి తార్నాక విడిచి పుట్టింటికి పోవును. పిల్లవాడు ఒక్కసారిగా తండ్రిని, స్నేహితులను, ఉపాధ్యాయులను, పాఠ్యపుస్తకములను కోల్పోవును.

ఇట్టి పిల్లలలో కొందఱు అల్లరిచేసి శిక్షింపబడుదురు. మఱికొందఱు మిక్కిలి నిదానముగా, ఎవ్వరికిని శ్రమ కలిగింపక కూర్చుందురు. ఉపాధ్యాయులమైన మేము మొదటివారిని చూచుచున్నాము, రెండవవారిని తఱచుగా చూడకుందుము.

4. చట్టము చెప్పునది

1890వ సంవత్సరపు గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము సంరక్షకుని నియమించునపుడు బిడ్డ క్షేమమును చూడవలెనని చెప్పుచున్నది. 1984వ సంవత్సరపు చట్టముచే కుటుంబ న్యాయస్థానములు ఏర్పడినవి. 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున, తండ్రి జీవించియుండగనే తల్లియు బిడ్డకు సహజ సంరక్షకురాలు కావచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున తండ్రి సంతకము లేదని తల్లిని త్రిప్పిపంపుటకు ముందు ప్రతి కార్యాలయమును ఈ తీర్పును జ్ఞాపకము చేసికొనుట మంచిది.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము, ఆఱు మొదలు పదునాలుగేండ్ల బిడ్డ ప్రభుత్వ పాఠశాలకో ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలకో మారునపుడు, ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టు ఆలస్యమైనదని చేర్చుకొనక మానరాదు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు ఈ చట్టము వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు చెప్పెను. అయినను చట్టము నిర్బంధింపనిచోట దయ నిర్బంధింపవలయును. మిషను పాఠశాలలలో పనిచేయు మేము ఇందు వెనుకబడుట తగదు.

5. మన కర్తవ్యము

తల్లిదండ్రులారా! బిడ్డను రాయబారిగా చేయకుడు. "నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?" యని అడుగకుడు. వేఱుపడుట తప్పనిసరియైనచో, వీలైన యెడల ఇద్దఱును కలిసి, ఎచ్చట నుండవలెనో, ఏ బడికి పోవలెనో ముందుగా చెప్పుడు. విద్యాసంవత్సరము ముగియువఱకు బడి మార్పకుడు. అయితే ఇంటిలో కొట్టుటయు భయపెట్టుటయు ఉన్నచో, అచ్చటినుండి తొలగిపోవుటయే బిడ్డకు రక్షణ. అట్టివారిని లోకము వేలెత్తి చూపరాదు.

తోడి ఉపాధ్యాయులారా! తరగతియెదుట ఇంటి సంగతులు అడుగకుడు. ఏకాంతమున, "ఈ నడుమ నీకు కష్టముగా నున్నదా?" యని అడిగి, సమాధానమునకు తొందరపడకుడు. హాజరుపట్టీని శ్రద్ధతో చూడుడు. హఠాత్తుగా మార్కులు తగ్గిన పిల్లవానిని సోమరి యనుటకు ముందు, తిన్నాడా, నిద్రించెనా యని కనుగొనుడు.

విద్యార్థులారా! మీ తల్లిదండ్రులు వేఱగుట మీ తప్పు కాదు. వారిని తిరిగి కలుపు భారము మీది కాదు. ఒక్క పెద్దవారితోనైనను, అనగా అమ్మమ్మతోనో, మేనమామతోనో, ఉపాధ్యాయునితోనో నోరు విప్పి చెప్పుడు. ఎవ్వరును లేరని తోచినచో, పిల్లలకొఱకు 1098 అను ఉచిత ఫోను సంఖ్య కలదు. మీ ప్రక్కనున్న బాలుని ఇంట ఇట్టి కష్టము వచ్చినచో, వానిని ప్రశ్నలతో బాధింపక, మధ్యాహ్నము మీ కారియరు వాని ముందు కూడ తెఱచి, వాడు వ్రాయలేకపోయిన నోట్సు ఇండు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. వేఱుపాటు, కలహము – ఈ రెండింటిలో బిడ్డకు ఏది యెక్కువ హాని? ఎందువలన?
2. నిదానముగా కూర్చుండు విద్యార్థి కష్టమును ఎట్లు గుర్తింపవచ్చును?
3. మీ తరగతికి సంవత్సరము నడుమ క్రొత్తగా ఒక విద్యార్థి వచ్చినచో, మొదటి వారమున మీరు చేయదగిన పనులు మూడు వ్రాయుడు. వానిని చేయుడు.