నిమ్మగడ్డి

విశాఖపట్నం పేరు వినగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం కళ్లముందు మెదలుతాయి. 1933లో ప్రారంభమైన రేవు, 1992లో జాతికి అంకితమైన కర్మాగారం ఆ నగరానికి దేశవ్యాప్తమైన గుర్తింపు తెచ్చాయి. అయితే నగరానికి వెనుక అంచెలంచెలుగా లేచే తూర్పు కనుమలది వేరొక లోకం. పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాలతో కూడిన ఆ మన్యం 2022 వరకు విశాఖ జిల్లాలో అంతర్భాగం. ఆ ఏటి నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడి వాలునేలల్లో పెంచదగిన పంటలలో నిమ్మగడ్డి ఒకటి.

ఆకును నలిపి వాసన చూస్తే నిమ్మపండు పరిమళం గుప్పుమంటుంది. ఆ గుణాన్ని బట్టే ఆ పేరు వచ్చింది. సంస్కృత వైద్య గ్రంథాలు దీనిని భూస్తృణం అన్నాయి. నిజానికి నిమ్మచెట్టుకూ దీనికీ చుట్టరికం లేదు. వరి, చెరకు, వెదురు దీనికి జ్ఞాతులు. శాస్త్రజ్ఞులు దీని ప్రజాతికి సింబోపోగాన్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో పడవ, గడ్డం అనే అర్థాలు గల రెండు మాటల కలయిక అది. కొండల మీది గడ్డికి పడవ పేరు అమరడం రేవు పట్టణం వారికి వినోదం కలిగించక మానదు.

ఈ ప్రజాతిలో పలు జాతులున్నాయి. నూనె కోసం పొలాలలో విరివిగా పెంచేది ఫ్లెక్సువోసస్. పెరటిలో, కుండీలలో తేనీటి కోసం పెంచేది ఎక్కువగా సిట్రేటస్. ఇది పూయడం అరుదు కనుక పిలకలతోనే వ్యాపిస్తుంది. గులాబీని తలపించే వాసన గల కామంచి గడ్డి, దోమలను పారద్రోలే సిట్రొనెల్లా కూడా ఈ ప్రజాతివే. వట్టివేరు దూరపు బంధువు. దాని సుగంధమంతా వేరులోనే ఉంటుంది.

నిమ్మగడ్డికి నీరు నిలవని నేల కావాలి. తొలకరి వానలకు పిలకలను రెండడుగుల ఎడంలో నాటుతారు. నాలుగైదు నెలలకు మొదటి కోత వస్తుంది. ఆ తరువాత రెండు మూడు నెలలకొకసారి కోయవచ్చు. నేలకు జానెడు లోపు ఎత్తున మొదళ్లు విడిచి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఒకసారి నాటిన కుదురు అయిదేళ్లదాకా ఫలితమిస్తుంది. ఘాటైన వాసన వల్ల పశువులు దీని జోలికి అంతగా రావు. కంచె వేయలేని కొండ రైతుకు ఇది చిన్న మేలు కాదు. గుబురుగా అల్లుకునే వేళ్లు వానకు కొట్టుకుపోయే మట్టిని పట్టి ఉంచుతాయి. అడవిని నరికి, కాల్చి చేసే పోడు సాగు వల్ల బోడివారిన వాలులకు ఈ గుణం ఎంతో అవసరం.

అసలు చిక్కు నూనె తీయడంలో ఉన్నది. కోసిన గడ్డిని ఒక పూట నీడలో వాడ్చి, పెద్ద పాత్రలో కూరి, అడుగు నుండి ఆవిరి పంపుతారు. ఆవిరితో పాటు లేచిన నూనె చల్లని గొట్టాలలో ద్రవమై, నీటికన్న తేలిక కనుక పైకి తేలుతుంది. టన్ను పచ్చిగడ్డికి దక్కేది సుమారు నాలుగు కిలోల నూనె మాత్రమే. రెండు మూడు గంటలు మంట ఆరకూడదు. ఆ మంటకు కట్టెలు ఎక్కడివి? కొండమట్టిని కాపాడుతుందని నాటిన గడ్డి కోసం ఆ కొండ మీది చెట్లనే నరికితే చేసిన మేలు బూడిదలో పోసినట్లే. నూనె తీయగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి పొయ్యికి వాడితే కట్టెల అవసరం చాలావరకు తప్పుతుంది. వానాకాలంలో పిప్పి ఎండదు. కోతలు ముమ్మరంగా వచ్చేదీ అప్పుడే. కనుక ఎండకాలపు పిప్పిని కప్పు కింద దాచుకోవలసి ఉంటుంది. బట్టీ పొలానికి దగ్గరగా ఉండటమూ ముఖ్యమే. టన్నుల గడ్డిని ఘాట్ రోడ్డు మీద దింపడం కన్న నాలుగు కిలోల నూనెను దింపడం సులువు కదా!

తీసిన నూనెను ఇనుప డబ్బాలో పోయరాదు. తుప్పు తగిలితే రంగు చెడుతుంది. వెలుతురు, గాలి సోకినా నాణ్యత తగ్గుతుంది.

నూనెలో ముప్పాతిక వంతు దాకా ఉండే సిట్రాల్ అనే పదార్థమే దాని విలువకు మూలం. సబ్బులకు, శుభ్రపరచే ద్రవాలకు నిమ్మవాసన ఇచ్చేది ఇదే. దీని నుండి అయొనోన్లను, వాటి ద్వారా ఎ విటమిన్‌ను తయారుచేయవచ్చు. ఒకప్పుడు ఈ నూనె కొచ్చి రేవు నుండి విదేశాలకు విశేషంగా ఎగుమతి కావడం వల్ల ప్రపంచ విపణిలో దానికి కొచ్చిన్ నూనె అనే పేరే స్థిరపడింది. తరువాత పెట్రోలియం ఉత్పన్నాల నుండి సిట్రాల్‌ను కర్మాగారాలలో తయారుచేయడం మొదలైంది. చమురు శుద్ధి కర్మాగారం గల విశాఖకు సమీపాన, కొండవాలులో గడ్డి కోసే రైతు పోటీ పడవలసింది అటువంటి సరుకుతోనే. ధర పడిపోయిన ఏడు కూలి కూడా గిట్టకపోవచ్చు. అందుకే అనుభవం గల రైతులు పొలమంతా దీనికే విడువరు. చోడి, సామ వంటి తిండిగింజలకు చోటు ఉంచి, గట్లమీద, రాతి వాలుల్లో దీనిని నాటుకుంటారు.

నగరవాసికి ఈ లెక్కలతో పని లేదు. మేడమీది కుండీలో ఒక్క పిలక నాటితే చాలు. నాలుగు ఆకులు తుంచి, అల్లంతో మరిగించి, వడగట్టి తాగవచ్చు. కోసేటప్పుడు మాత్రం జాగ్రత్త వహించాలి. ఆకు అంచు రంపపు పంటిలా వేలిని చీరుతుంది.