ఫొటో పనికి కంప్యూటర్ కొనేముందు

మన ట్రస్టు స్కాలర్‌షిప్పు అందుకుంటున్న పిల్లల్లో కొందరు ఫొటోగ్రఫీ, డిజైన్ నేర్చుకుంటామంటున్నారు. వారి తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒక్కటే, "కంప్యూటర్ ఎంతలో వస్తుందండీ?" అని. సింధనూరులో ఫొటో స్టూడియో నడుపుతున్నవాడిగా నా అనుభవం చెబుతాను. ఎంతలో వస్తుందనే దానికన్నా, ఉన్న డబ్బులో దేనికి ఎంత పెట్టాలన్నది ముఖ్యం.

నా మొదటి కంప్యూటర్ నాన్నగారు వడ్లు అమ్మిన డబ్బుతో కొన్నారు. కొట్టువారి మాట విని గ్రాఫిక్స్ కార్డుకు ఎక్కువ పెట్టి, మానిటర్ చవకది తీసుకున్నాం. మొదటి పెళ్లి ఆల్బమ్ ప్రింటయి వస్తే పెళ్లికూతురి ముఖం నల్లగా ఉంది. తెర మీద మాత్రం చక్కగానే కనిపించింది! ఆల్బమ్ మళ్లీ వేయించిన ఖర్చు నా మీదే పడింది.

అందుకే మానిటర్‌తో మొదలుపెడతాను. ఐపీఎస్ ప్యానెల్ ఉన్నదే అడగండి. చవక టీఎన్ ప్యానెల్‌లో తల కాస్త పైకో కిందికో జరిపితే రంగు మారిపోతుంది, ఇక ఏది నిజమని దిద్దుతాం? ఎస్‌ఆర్‌జీబీ రంగులు దాదాపు పూర్తిగా చూపుతుందో లేదో పెట్టె మీద చదవండి. కొన్నాక వెలుతురు బాగా తగ్గించాలి. తెర మరీ వెలుగుగా ఉంటే ఫొటో సరిగా ఉందనుకుని వదిలేస్తాం, కాగితం మీద అది చీకటిగా వస్తుంది. ఒక చిన్న ప్రింటు వేయించి, తెర పక్కన పెట్టి పోల్చుకోండి.

తర్వాత ర్యామ్. మన పెళ్లి ఆల్బమ్‌లలో 12×36 అంగుళాల షీటు మామూలే కదా. అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కవేస్తే 3600×10800, అంటే సుమారు 3 కోట్ల 89 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు 3 బైట్లు చొప్పున ఒక్క లేయరే దాదాపు 117 ఎంబీ. పది లేయర్లు వేస్తే ఒక జీబీ దాటుతుంది. విండోస్, బ్రౌజర్, తెరిచి ఉంచిన మిగతా ఫొటోలు దీనికి అదనం. 8 జీబీతో నేర్చుకోవచ్చు గాని, పనికి 16 జీబీ ఉండాలి. ఒకేసారి కుదరకపోతే మదర్‌బోర్డులో ర్యామ్ స్లాటు ఒకటి ఖాళీగా ఉండేలా చూసుకోండి, వచ్చే పంటకు వేయించుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో నాకు నచ్చేది ఇదే.

విడి గ్రాఫిక్స్ కార్డు మొదట అక్కరలేదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ కలిసి ఉంటే మామూలు ఫొటో పనికి అది చాలు. వీడియో ఎడిటింగ్, ఏఐతో నాయిస్ తీయడం లాంటివి ఎక్కువగా చేసేవారికే కార్డు.

ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత కంప్యూటర్లు మంచి బేరమే. అయితే "ఐ5 అండీ" అన్నంత మాత్రాన సరిపోదు. ఐ5 పేరు 2009 నుంచి ఉంది. తర్వాత వచ్చే అంకెలు చూడాలి: ఐ5-4570 అంటే 4వ తరం, ఐ5-8500 అంటే 8వ తరం, 10400 అంటే 10వ తరం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఇంచుమించు 8వ తరం నుంచి ఉండాలి. అంతకన్నా పాతది ఉచితంగా వస్తే లినక్స్ వేసుకుని నేర్చుకోండి, డబ్బిచ్చి కొనకండి.

విండోస్, సాఫ్ట్‌వేర్ ఎస్‌ఎస్‌డీలో, ఫొటోలు హార్డ్‌డిస్కులో పెట్టుకోవచ్చు. ఇంకో కాపీ బయటి డిస్కులో తప్పనిసరి. పెళ్లి మళ్లీ జరగదు. యూపీఎస్ కూడా ఖర్చులో కలుపుకోండి. కరెంటు పోయినా ఫైలు సేవ్ చేసి కంప్యూటర్ ఆపేందుకు కొన్ని నిమిషాలు దొరుకుతాయి.

ఫొటోషాప్‌కు చందా కట్టాలి. దొంగ కాపీలతో వైరస్ వస్తుంది. నేర్చుకునేవారికి గింప్, డార్క్‌టేబుల్ ఉచితం.

కొట్టుకు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీవే నాలుగు పెద్ద ఫొటోలు తీసుకెళ్లండి. అక్కడే టాస్క్ మేనేజర్ తెరిపించి ప్రాసెసర్ నంబరు, ర్యామ్ ఎంతో మీ కళ్లతో చూడండి. ఆ ఫొటోలు తెరిచి, అటూ ఇటూ జరిగి తెర చూడండి. ఆ రెండు అంకెలూ బిల్లులో రాయించుకున్నాకే డబ్బివ్వండి.