బిడ్డకు తినిపించాలా? తననే తిననివ్వాలా?



ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గన్‌ఫౌండ్రీ కతీడ్రల్ ఆవరణలో చంటిబిడ్డల తల్లులు కలుసుకుంటే ఏ మాటలు వినబడతాయో మీకు తెలుసు. “మా వాడు చెంచా చూస్తేనే మూతి తిప్పుకుంటాడు” అంటుంది ఒకామె. “మా పాప అన్నీ తనే తీసుకుంటానంటుంది. సగం నేలపాలు. కడుపు నిండిందో లేదో తెలియదు” అంటుంది మరొకామె. పక్కనే ఉన్న నాయనమ్మ ఊరుకోదు: “మేము పెంచలేదా పిల్లల్ని? ఒళ్లో కూర్చోబెట్టుకొని నాలుగు ముద్దలు పెట్టాలి గాని, బిడ్డ ముందు గిన్నె పెట్టి చూస్తూ కూర్చుంటారా?”

అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల ఇరుకు వాటాలలో అత్తాకోడళ్ల మధ్య ఈ విషయం చిన్న తగవుగా మొదలై, పెద్ద మనస్తాపంగా మారడం కద్దు. ఇద్దరిదీ ప్రేమే. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఈ వారం మన పాఠం ఇదే: తినిపించడమూ కావాలి, తిననివ్వడమూ కావాలి. ఒకటి బిడ్డ కడుపు నింపుతుంది, రెండవది బిడ్డకు తినడం నేర్పుతుంది.

ఆరు నెలలు నిండాక

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు. ఆ తరువాత పాలు మాత్రమే సరిపోవు. ముఖ్యంగా, పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఉన్న ఇనుము నిల్వలు అప్పటికి తరిగిపోతుంటాయి. కనుక పాలకు తోడుగా ఆహారం మొదలుపెట్టాలి. ఇది పాలు మాన్పించడం కాదని గుర్తుంచుకోండి. రెండేళ్లు నిండేవరకు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వవచ్చు. మెడ నిలిపి, ఆసరాతో కూర్చొని, మన పళ్లెం వైపు చేయి చాపుతున్న బిడ్డ ఆహారానికి సిద్ధంగా ఉన్నట్టే.

రెండు పద్ధతులు

వెనుకటి రోజులలో మన ఇళ్లలో ఉగ్గుగిన్నె ఉండేది. బిడ్డను పడుకోబెట్టి దాని ముక్కుతో ఉగ్గు నోట్లో పోసేవారు. బిడ్డ చేసే పని మింగడం ఒక్కటే. కొంచెం పెద్దయ్యాక గోరుముద్దలు. మన ఇళ్లలో తల్లి వేళ్లే చెంచా.

2008లో జిల్ రాప్లీ అనే బ్రిటిష్ ఆరోగ్య నిపుణురాలి పుస్తకం వెలువడింది. ఆరు నెలల నుండే మెత్తని ముక్కలు బిడ్డ ముందు పెట్టి, తననే తిననివ్వాలని అందులో సూచించారు. ఇప్పుడు మన కోడళ్లు ఫోనులో చూసి చెప్పే మాటకు మూలం అదే. ఇందులో మంచి ఉంది. బిడ్డ నమలడం నేర్చుకుంటుంది, కడుపు నిండగానే ఆపుతుంది. కాని ఆరేడు నెలల బిడ్డ ముక్కను పట్టుకొని చప్పరించగలదే గాని, ఎక్కువ తినలేదు. పప్పు, ఆకుకూర, మెదిపిన కోడి కార్జం వంటి బలమైన పదార్థాలు ఆ గుప్పెట్లో నిలవవు. వాటిని మనమే అందించాలి.

మన నల్గొండ పల్లెలు చెప్పిన పాఠం

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, విదేశీ నిపుణులతో కలిసి నల్గొండ జిల్లాలో 60 పల్లెలను మూడు జట్లుగా చేసి ఒక పరిశీలన జరిపారు. ఫలితాలు 2013లో ప్రచురితమైనాయి. ఒక జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలే అందాయి. రెండవ జట్టు తల్లులకు ఏమి పెట్టాలో ఇంటింటికీ వెళ్లి చెప్పారు. మూడవ జట్టు తల్లులకు అదీ చెప్పి, బిడ్డ సైగలు గమనిస్తూ ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు.

పదిహేను నెలల వయసులో చూస్తే, నేర్పిన రెండు జట్ల పిల్లలూ మొదటి జట్టు కంటే మంచి ఆహారం తింటున్నారు. రెండవ జట్టు పిల్లలు పొడవులో మెరుగయ్యారు. మానసిక వికాసంలో మెరుగైనది మూడవ జట్టు. చూశారా! ఏమి పెడుతున్నామన్నది ఎంత ముఖ్యమో, ఎలా పెడుతున్నామన్నదీ అంతే ముఖ్యం.

అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు 1920, 30 దశకాలలో పాలు మానిన పసిపిల్లలు 15 మందిపై ఒక పరిశీలన చేశారు. వారి ముందు రకరకాల సహజమైన ఆహారాలు ఉంచేవారు. నర్సు చెంచా పట్టుకొని మౌనంగా కూర్చొనేది. బిడ్డ చేయి చాపినప్పుడే అందించేది. పిల్లలు తమకు కావలసినంత తిని చక్కగా పెరిగారు. అయితే వారి ముందు చక్కెర గాని మైదా గాని పెట్టలేదు. పళ్లెంలో మంచిదే ఉంటేనే బిడ్డ ఎంపిక మంచిదవుతుంది.

ఇంట్లో ఎలా చేయాలి?

1. ఇంటిల్లిపాదీ తినే వేళకే బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి. టీవీ, ఫోను ఆపివేయండి. చందమామను చూపించి పెట్టే ముద్దలో కబుర్లున్నాయి. ఫోను చూపించి పెట్టే ముద్దలో అవి లేవు. బిడ్డ నోట్లో ఏముందో కూడా గమనించదు.

2. ముందుగా బిడ్డ చేతికి ఒక ముక్క ఇవ్వండి: ఇడ్లీ, అరటిపండు, ఉడికిన చిలగడదుంప లేదా క్యారెట్. పెద్దవాళ్ల వేలంత పొడవుండాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే నలగాలి. తొమ్మిది నెలలు దాటి బిడ్డ చూపుడు వేలు, బొటనవేలితో పట్టుకోవడం నేర్చాక చిన్న మెత్తని ముక్కలు ఇవ్వవచ్చు.

3. మధ్య మధ్య మీరు చెంచాతోనో చేతితోనో మెదిపిన ఆహారం అందించండి. నోరు తెరిస్తేనే పెట్టండి. అన్నం, పప్పు, ఆకుకూర, చెంచా నెయ్యి; వీలైన రోజున గుడ్డు, కార్జం, చేప. రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము బాగా వంటబడుతుంది. చెంచా వంచితే జారిపోయేంత పలుచన వద్దు. పప్పు మీది నీళ్లతో కడుపు నిండుతుంది గాని బలం రాదు.

4. రెండో చెంచా బిడ్డకు ఇవ్వండి. మొదట గిన్నె మీద వాయిస్తుంది, తరువాత నోట్లో పెట్టుకుంటుంది.

5. ముఖం తిప్పుకుంటే, పెదవులు బిగిస్తే భోజనం అయినట్టే. ముక్కు మూసి, చేతులు పట్టి కుక్కవద్దు.

రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిది నెలలు నిండేలోగా పూటకు పావు లీటరు కప్పులో సగం వరకు, రోజుకు రెండు మూడు సార్లు పెట్టాలి. తొమ్మిదో నెల నిండాక మూడు నాలుగు సార్లు. ఏడాది నిండేవరకు ఉప్పు, చక్కెర అక్కరలేదు. తేనె అసలే వద్దు.

జాగ్రత్తలు

పసిబిడ్డ ఓకరించడం మామూలే. దగ్గుతూ, చప్పుడు చేస్తూ తనే సర్దుకుంటుంది. చప్పుడు లేకుండా రంగు మారితే గొంతుకు అడ్డుపడిందన్నమాట. వెంటనే బిడ్డను ముంజేతిపై బోర్లా, తల కిందికి ఉండేలా పట్టి, వీపుపై రెక్కల మధ్య అయిదు దెబ్బలు వేయండి. రాకపోతే వెల్లకిల తిప్పి ఛాతీ మధ్యలో అయిదుసార్లు నొక్కండి. మళ్లీ మళ్లీ చేస్తూ, మరొకరిచేత 108కు ఫోను చేయించండి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు.

పల్లీలు, పేలాలు, పచ్చి క్యారెట్, పచ్చి జామ, గుండ్రని ద్రాక్ష ఇవ్వకండి. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో తిరుగుతూ మీ పొట్లంలోని పల్లీ ఒకటి బిడ్డ నోట్లో పెట్టాలనిపిస్తే, ఈ మాట గుర్తుచేసుకోండి. తింటున్నంతసేపు బిడ్డను ఒంటరిగా వదలకండి.

మన ప్రాంతంలో మరో అలవాటు ఉంది: ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ముంచి బిడ్డకు నాకించడం. తాతయ్యల ముచ్చట అది! కాని చాయ్ ఆహారంలోని ఇనుమును ఒంటబట్టనివ్వదు, బిస్కెట్టు ఆకలిని చంపుతుంది. తాతయ్యకు ఆ ముచ్చట ఉడికిన దుంపముక్కతో తీర్చండి.

తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా కోసం నీలోఫర్ ఆసుపత్రికో, దగ్గరి ఆరోగ్య కేంద్రానికో వెళ్లినప్పుడు బరువు తూయించండి. బిడ్డ తిన్నది చాలిందా లేదా అన్న తగవును తీర్చవలసింది ఆ త్రాసు. బరువు పెరగకపోతే వైద్యునికి చూపండి.

కోడళ్లారా, అత్తయ్య ముద్దను కాదనకండి. బిడ్డ చేతికి ముక్క ఇచ్చాక ఆమెనే పెట్టమనండి. అత్తయ్యలారా, నేల మీద పడిన మెతుకులు చూసి కోడలిని తప్పుపట్టకండి. ఒక పాత దుప్పటి పరిస్తే చాలు. నాన్నలారా, ఆ దుప్పటి దులిపే పని మీరు తీసుకోండి. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయిస్తారు. ఎంత తినాలో బిడ్డ నిర్ణయిస్తుంది.

ఈ వారం ఇంట్లో మాట్లాడుకోండి:
1. మన బిడ్డ “చాలు” అని ఏ సైగతో చెబుతుంది? అది మనకందరికీ తెలుసా?
2. బిడ్డ తినేటప్పుడు మన చూపు బిడ్డ మీద ఉందా, ఫోను మీద ఉందా?